“కెరటం లాగొస్తాది మాస్టారూ”: ఒక పైప్ ఫిట్టర్ నొప్పికి ఇంగ్లీషు

ఈ కేసులో మనిషి ఊరు, పనిచేసిన దేశం, వయసు మార్చేశాను. రాసుకోవచ్చా అని అడిగితే “పేరెయ్యకండి మాస్టారూ, మిగతాది మీ ఇష్టం” అన్నాడు. ఎన్ని మార్చినా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనిషన్న సంగతి మాత్రం దాచలేను. అది దాస్తే సగం కేసు అర్థం కాదు.

నేపథ్యం

నేను కాశీబుగ్గలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్తాను. నా దగ్గరికి రెండు రకాల వాళ్ళొస్తారు. నర్సింగ్ పూర్తిచేసి, ఓఈటీ (వైద్యరంగం వాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాసి బ్రిటన్‌కో ఐర్లాండ్‌కో వెళ్దామనుకునే అమ్మాయిలు ఒక బ్యాచ్. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు నుంచి గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్ళే వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు ఇంకో బ్యాచ్. వాళ్ళకి రోగి మాట అర్థం కావాలి, వీళ్ళకి రోగం చెప్పుకోవడం రావాలి. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెడితే పోలేదా అన్న ఆలోచన నాకు చాలా ఏళ్ళు రాలేదు. ఈ కేసు వల్లే వచ్చింది.

మనవాడు పైప్ ఫిట్టర్. ముప్పై దాటి నలభైకి దగ్గర పడుతున్నవాడు. పదో తరగతి, తర్వాత ఐటీఐ, అప్పటికే రెండు కాంట్రాక్టులు చేసొచ్చాడు. ఇంగ్లీషు రాదని చెప్పుకున్నాడు గానీ అది నిజం కాదు. ఫ్లాంజ్, గాస్కెట్, స్పూల్, రెడ్యూసర్ అంటూ ఐసోమెట్రిక్ డ్రాయింగ్ చదివి నాకే వివరించగలడు. మొదటి రోజు మోచెయ్యి చూపించి దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు అంటే తెల్లమొహం వేశాడు. “ఎల్బో” అన్నాను. పెద్దగా నవ్వాడు. పైపు మలుపులో వేసే ముక్క పేరూ అదే. పదిహేనేళ్ళుగా రోజుకి పది ఎల్బోలు బిగిస్తున్నాడు, తన చేతిలోనే ఒకటుందని అతనికెవరూ చెప్పలేదు.

వచ్చిన సమస్య

గత కాంట్రాక్టులో, ఎండాకాలంలో, ఒక రాత్రి కుడి పక్క నొప్పి మొదలైంది. క్యాంపు క్లినిక్‌కి వెళ్ళాడు. అక్కడ చెప్పింది ఇది: “సర్, స్టమక్ పెయిన్, వెయిస్ట్ పెయిన్, గ్యాస్.” గ్యాస్ మాత్రలిచ్చి పంపారు. రెండు రోజులకి మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ అదే మాట, మళ్ళీ అవే మాత్రలు. మూడోసారి ఒక మలయాళీ నర్సు హిందీలో తిప్పితిప్పి అడిగి, వేలితో చూపించమంది. స్కానింగ్‌లో కిడ్నీలో రాయి కనబడింది.

ఆ క్లినిక్‌ని తప్పుపట్టాలని నాకు లేదు. ఆ మూడు మాటలు విన్న ఏ డాక్టరైనా కడుపు వైపే చూస్తాడు. నడుము నొప్పిని మనం “వెయిస్ట్ పెయిన్” అంటాం. ఇంగ్లీషులో వెయిస్ట్ అంటే బెల్టు పెట్టుకునే చుట్టుకొలత, మనం చెప్పాలనుకున్నది “లోయర్ బ్యాక్”. డొక్క అన్న మాటకి అతని దగ్గర ఇంగ్లీషే లేదు, అందుకని “స్టమక్” అయింది. ఇక గ్యాస్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు మళ్ళీ వీసా వచ్చింది, ఆరు వారాల టైముంది. “హాస్పిటల్ ఇంగ్లీషొక్కటీ నేర్పించీండి మాస్టారూ, మిగతాది నాను సూసుకుంటాను” అన్నాడు. వారానికి రెండు క్లాసులు అనుకున్నాం.

నేను చేసిన మొదటి తప్పు

నా అలవాటు ప్రకారం మాటల పట్టికతో మొదలుపెట్టాను. నొప్పి మాటలకి పేరున్న పట్టిక ఒకటుంది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ 1975లో అచ్చువేసిన నొప్పి ప్రశ్నావళి. అందులో నొప్పిని వర్ణించే మాటలు 78, వాటిని 20 గుంపులుగా పెట్టారు. ఓఈటీ అమ్మాయిలకి అది బాగా పనికొస్తుంది. దాన్నుంచి ఒక పాతిక ఏరి, పక్కన తెలుగు రాసి ఇచ్చాను. అతను శ్రద్ధగా బట్టీ పట్టాడు. రెండో వారం నేను డాక్టరుగా కూర్చుని “వాట్ కైండ్ ఆఫ్ పెయిన్?” అన్నాను.

“షార్ప్ సర్. డల్ సర్.”

రెండూ ఒకేసారి ఎలా బాబూ అంటే, అతని లెక్క ఇలా బయటపడింది. షార్ప్ అంటే మన వాడుకలో చురుకు. కుర్రాడు షార్ప్, షార్ప్‌గా పదింటికి రా. డల్ అంటే మొహం వేలాడేసుకుని ఉండడం. నొప్పి గట్టిగా ఉంది కాబట్టి షార్ప్, నొప్పి వల్ల తను దిగాలుగా ఉన్నాడు కాబట్టి డల్. తప్పేముంది? పట్టికలో నేను రాసిన “పోటు”, “మందమైన నొప్పి” అన్నవి కాగితం మీదే ఉండిపోయాయి, ఎప్పట్నుంచో నోట్లో నలిగిన అర్థాలే గెలిచాయి. “మై చెస్ట్ ఈజ్ టైట్” దగ్గర అయితే క్లాసు మొత్తం గొల్లుమంది, మా వైపు టైట్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది, ఆగలేదు. పట్టిక పెద్దదైపోయిందనుకుని చిన్నది చేశాను. హెడేక్, టూత్ఏక్, ఇయర్ఏక్, స్టమక్ఏక్, బ్యాక్ఏక్ అని ఐదు ఇచ్చాను. మరుసటి క్లాసుకి అతను సొంతంగా లెగ్ఏక్, నీఏక్, హ్యాండ్ఏక్ తయారుచేసుకొచ్చాడు. ఆ అచ్చులో ఇంగ్లీషు పోసుకున్నవి ఆ నాలుగైదే, మిగతా చోట్లన్నిటికీ “మై నీ హర్ట్స్” అనుకోవాలి. పోనీ హర్ట్ నేర్పిద్దామంటే, “ఐ యామ్ పెయిన్‌ఫుల్ సర్” అన్నాడు. దాని అర్థం నేను అవతలివాళ్ళకి నొప్పి పుట్టించే మనిషిని అని. మూడు వారాలు అయిపోయాయి, మిగిలింది మూడు.

పదికి రెండు

పట్టిక పక్కన పెట్టి అంకెల మీద పడ్డాను. సున్నా నుంచి పది దాకా నొప్పిని అంకెలో చెప్పించడం ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ఉంది. భాష అక్కర్లేదు కదా, తేలిగ్గా వస్తుందనుకున్నాను. రాయి నొప్పి ఎంత అంటే “టూ” అన్నాడు. అర్థం కాలేదేమో అని తెలుగులో అడిగాను. మళ్ళీ రెండే.

“మూడుసార్లు క్లినిక్‌కెళ్ళిన నొప్పి రెండేంటి బాబూ?”

“ఎక్కువ సెప్తే ఇంటికి పంపీస్తారు మాస్టారూ.”

అప్పుడు గ్యాస్ సంగతి కూడా తేలింది. ఉద్దానంలో పక్కలో నొప్పి అంటే ముందు వచ్చే మాట కిడ్నీ. ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బుతో మనుషుల్ని పోగొట్టుకున్న పల్లెలవి. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఆ పల్లెల్లో బడి మొహం చూడని ముసలమ్మ కూడా క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో అంకెతో సహా చెప్తుంది. ఇతని పెదనాన్న ఆ జబ్బుతోనే పోయాడు. అందుకని ఆ రాత్రి నొప్పి ఎక్కడిదో ఇతనికి అనుమానం లేక కాదు, ఉండబట్టే గ్యాస్ అన్నాడు. కిడ్నీ అన్న మాట తన నోటితో తను అనకూడదు, అంటే మెడికల్ అన్‌ఫిట్.

నేను డాక్టర్ని కాను గానీ నర్సింగ్ పిల్లల పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నంత వరకు ఈ రెండూ వేర్వేరు. మా వైపు జబ్బు తొలిదశల్లో నొప్పి లేకుండానే లోపల తినేస్తుంది, రాయేమో మనిషిని నేలమీద పొర్లిస్తుంది. ఆ మాట అతనికి చెప్పాను. కొంత తేలికపడ్డాడు. డాక్టరుతో ఒకసారి మాట్లాడి రమ్మని కూడా పంపాను, ఇంగ్లీషు మాస్టారు భరోసాతో విమానం ఎక్కకూడదు కదా.

దీనివల్ల నా పాఠం తలకిందులైంది. ఇతనికి మాట రాకపోవడం ఒక సమస్య, మాట దాచుకోవడం ఇంకొకటి. నేను మొదటిదానికే మందు వేస్తున్నాను.

తెలుగులో చెప్పమన్నాను

నాలుగో వారం మొదటి క్లాసులో ఇంగ్లీషు పూర్తిగా ఆపేశాను. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఆ రాత్రి ఏం జరిగిందో మీ అమ్మకి చెప్పినట్టు చెప్పు అన్నాను. ఎందుకంటే అప్పటిదాకా అతని నొప్పి నాకే సరిగ్గా తెలీదు. నాకు తెలీనిదాన్ని ఇంగ్లీషులోకి ఎలా తెస్తాను? అతను చెప్పింది ఇది, ఉన్నదున్నట్టు:

“అర్ధరాత్రి మొదలైనాది మాస్టారూ. ఇదిగో ఇక్కడ, డొక్కలో ఎనకాల. కెరటం లాగొస్తాది. లేచి లేచి మీద పడిపోయి, మల్లీ ఎనక్కెల్లిపోతాది. ఎల్లినప్పుడు ఏటీ లేనట్టే ఉంటాది. మల్లీ వొస్తాది. అలాగలాగ ముందుకి జారి గజ్జల్లోకి దిగిపోతాది. కూకోలేను, తొంగోలేను. గోడట్టుకుని తిరగడమే. ఒంటికెల్తే సురుక్కుమంటాది, డికాక్షన్ రంగులో వొస్తాది.”

నిమిషం కూడా పట్టలేదు. ఆ రికార్డింగ్ ఓఈటీ బ్యాచ్‌లో ఒకమ్మాయికి వినిపించాను. నొప్పి గురించి రోగిని ఏమేం అడగాలో గుర్తుపెట్టుకోడానికి వాళ్ళకి సోక్రటీస్ అని ఒక కొండగుర్తు ఉంటుంది, ఆ పేరులో ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో ప్రశ్న. ఎక్కడ, ఎప్పుడు మొదలు, ఎలాంటిది, ఎటు పాకుతుంది, తోడుగా ఇంకేముంది, వచ్చిపోయే తీరు, దేనివల్ల పెరుగుతుంది తగ్గుతుంది, ఎంత గట్టిది, మొత్తం ఎనిమిది. ఆ అమ్మాయి వేళ్ళు మడుస్తూ విని, “సర్, ఆరు చెప్పేశాడు, మనం అడక్కుండానే” అంది.

నేను మూడు వారాలుగా నొప్పి మాటలు రావని ఎవరికి నేర్పిస్తున్నానో ఆ మనిషి దగ్గర డాక్టరుకి కావలసినదంతా ఉంది. నా పట్టిక దాన్ని “స్టమక్ పెయిన్” చేసి పెట్టింది.

ఇక కెరటం. ఇంగ్లీషువాళ్ళు ఇలాంటి నొప్పిని “ఇట్ కమ్స్ ఇన్ వేవ్స్” అనే అంటారు. సముద్రం పక్కన పుట్టిన మనిషి తనంతట తను పట్టుకున్న పోలికా, వాళ్ళ వాడుక మాటా ఒకటే అయ్యాయి. ఆ సంగతి చెప్పినప్పుడు అతని మొహం చూడాల్సింది. “అయితే నాను సరిగ్గానే సెప్పుంటాను గదా అప్పుడు, మన బాసలో సెప్పుంటే!” అన్నాడు. అలాంటివి ఇంకా వెతికాం. వచ్చిపోతూ ఉంటుంది అంటే “ఇట్ కమ్స్ అండ్ గోస్”, మాటకి మాట సరిపోయింది. మంట అంటే “బర్నింగ్”, అదీ సరిపోయింది. సలుపు “థ్రాబింగ్” అయింది, వేలు నలిగిన రోజు గోటి కింద గుండె కొట్టుకున్నట్టుందని అతనే చెప్పాడు కాబట్టి బట్టీ అక్కర్లేకపోయింది.

సరిపోనివీ దొరికాయి. సూదులతో పొడిచినట్టుందని చెప్పడానికి “పిన్స్ అండ్ నీడిల్స్” అనేశాడు, ఎక్కడ విన్నాడో. ఇంగ్లీషులో అది తిమ్మిరి. కాలు మీద కూర్చుని లేచినప్పుడు జివ్వుమంటుందే, అది. మనం చెప్పే సూదిపోటు వాళ్ళకి “స్టాబింగ్”, అంటే కత్తిపోటు. కళ్ళు తిరుగుతున్నాయంటే “ఐస్ ఆర్ రొటేటింగ్” కాదు, “ఐ ఫీల్ డిజీ”. చెయ్యి అన్న ఒక్క మాటలో మనకి భుజం నుంచి వేళ్ళ దాకా ఉంది. వాళ్ళకి మణికట్టు దగ్గర సరిహద్దు, పైన ఆర్మ్, కింద హ్యాండ్. ఛాతీ నొప్పితో ఎడమ చెయ్యి లాగుతోందని “హ్యాండ్” అంటే అవతలివాడు వేళ్ళకేసి చూస్తాడు. కాలికీ అదే గొడవ, లెగ్ వేరు, ఫుట్ వేరు.

వేడి చేసింది అన్నదాన్ని మాత్రం వదిలేశాం. గంటసేపు కుస్తీ పట్టాక నేనే చేతులెత్తేశాను. వేడి చేస్తే నీకేమవుతుంది అని అడిగి, నోరు పొక్కితే అదీ, ఒంటికెళ్తే మండితే అదీ విడిగా చెప్పుకోమన్నాను.

రాయిని అతనికి ఎవరూ వివరించక్కర్లేదు. “లైన్ బ్లాక్, ప్రెషర్ బిల్డప్” అని తనే తేల్చేశాడు.

ఏవి దిద్దాను, ఏవి వదిలేశాను

మిగిలింది రెండున్నర వారాలు. అన్నీ దిద్దే టైము లేదు కాబట్టి ఒక లెక్క పెట్టుకున్నాను. తప్పు వల్ల డాక్టరు వేరే చోట చూస్తాడా, వేరే రోజు అనుకుంటాడా? అయితే దిద్దాలి. లేకపోతే వదిలెయ్యాలి. “మీ పెయిన్ సర్” అంటాడు. మనం “నాకు నొప్పి” అంటాం కాబట్టి అది అలా వస్తుంది, అర్థమైపోతుంది, వదిలేశాను. “సిన్స్ టూ డేస్” దగ్గర సిన్స్, ఫర్ గొడవ ఎత్తలేదు, దాన్ని పక్కనపెట్టి “ఇట్ స్టార్టెడ్ ఆన్ మండే” నేర్పించాను. “లూజ్ మోషన్స్” మన దేశం దాటితే చాలామందికి తెలీదు, అక్కడ “డయేరియా” పట్టుబట్టాను. “ఐ హావ్ షుగర్, ఐ హావ్ బీపీ” కూడా దిద్దాను, అతనికి రెండూ లేకపోయినా రూమ్మేట్లకి ఉన్నాయి.

అంకెల సంగతికి దారి ఇలా దొరికింది. రెండు, పది అని గాలిలో అడక్కుండా అతని జీవితంలోంచే మెట్లు కట్టుకున్నాం. పన్ను పీకించుకున్న రోజు ఐదు. పైపు కింద వేలు నలిగింది ఏడు. రాయి రాత్రి తొమ్మిది. పదిని ఖాళీగా ఉంచుదాం మాస్టారూ అన్నాడు. దానికి తోడు, అంకె చెప్పడానికి నోరు రాకపోతే చెయ్యలేనిది చెప్పమన్నాను: “ఐ కాంట్ సిట్. ఐ కాంట్ లై డౌన్. ఐ కుడింట్ స్లీప్.” ఇది అతనికి బాగా నచ్చింది. నొప్పి ఎక్కువని చెప్పుకోవడం ఫిర్యాదులా ఉంటుందట, కూర్చోలేకపోతున్నాను అనడం పని సంగతి చెప్పినట్టుంటుందట. ఆ తేడా నా అంతట నాకు తోచేది కాదు.

నర్సుతో రిహార్సల్

ఐదో వారం ఓఈటీ అమ్మాయిని నర్సుగా కూర్చోబెట్టాను. నేను మెల్లగా, విడివిడిగా మాట్లాడి పాడుచేస్తున్నానని అనుమానం వచ్చింది. ఆమె బ్రిటన్ పద్ధతిలో సాధన చేస్తోంది కాబట్టి మొదటి ప్రశ్నే “డు యూ ఫీల్ సిక్?” అని వేసింది.

“యెస్ మేడమ్. సిక్. దట్ వై ఐ కమ్.”

ఆమె అడిగింది వాంతి వచ్చేటట్టుందా అని. అక్కడి వాడుకలో ఫీల్ సిక్ అంటే వికారం. ఇతను జబ్బు చేసిందా అని విన్నాడు. అదే సందర్భంలో ఆ అమ్మాయికీ ఒక పాఠం దొరికింది, మన వాళ్ళని అలా అడగకూడదని.

తర్వాత ఆమె నొప్పి ఎటు పాకుతుందని అడిగింది. అంతే, బిగుసుకుపోయాడు. గజ్జల మాట ఆడపిల్ల ముందు ఎలా అంటాడు? గ్రోయిన్ అన్న మాట వచ్చు, చెమట్లు పట్టాయి గానీ నోట రాలేదు. నాతో ఉన్నప్పుడు గడగడా చెప్పాడు కాబట్టి ఇది నా లెక్కలో లేనేలేదు. ముందు పదేపదే చేయిస్తే సిగ్గు పోతుందనుకున్నాను. రెండుసార్లు చేయించాక అనిపించింది, పోదు, పోవాల్సిన పని కూడా లేదు. పరాయి దేశంలో నొప్పితో ఉన్న మనిషి చేత సిగ్గు విడిపించడం నా పని కాదు. సిగ్గు పెట్టుకునే సంగతి దాటించే దారి ఇవ్వాలి.

అలా కార్డు పుట్టింది. ఫోన్ కవరు వెనక పట్టేంత అట్టముక్క. ఒక వైపు మనిషి బొమ్మ, ముందూ వెనకా. నొప్పి ఉన్నచోట వేలు పెడితే చాలు. రెండో వైపు అతని తెలుగు ముక్కల్లోంచే తీసిన వాక్యాలు: ఇట్ స్టార్టెడ్ హియర్, ఇన్ మై సైడ్. ఇట్ మూవ్స్ డౌన్ టు మై గ్రోయిన్. ఇట్ కమ్స్ ఇన్ వేవ్స్. ఐ కాంట్ సిట్ స్టిల్. ఇట్ బర్న్స్ వెన్ ఐ పీ. మై యూరిన్ ఈజ్ డార్క్, లైక్ టీ. ఐ హాడ్ ఎ కిడ్నీ స్టోన్ బిఫోర్. కిడ్నీ మాట రాయించడానికి ఒక క్లాసంతా పట్టింది. చివరికి తనే పెన్ను తీసుకుని రాశాడు.

తర్వాత

వెళ్ళిన ఐదు నెలలకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. రాయి కాదు, వాల్వు ఎత్తుతుంటే నడుము కలుక్కుమంది. క్లినిక్‌లో “లోయర్ బ్యాక్” అన్నాడు, వెయిస్ట్ అనలేదు. “ఇట్ స్టార్టెడ్ దిస్ మార్నింగ్, ఐ కాంట్ బెండ్” అన్నాడు, డాక్టరు తిరిగి అడగాల్సిన అవసరం రాలేదట. మందులకి ఎలర్జీ ఉందా అని అడిగితే మాత్రం ఎనర్జీ అని విని, ఉంది సర్, ఫుల్ ఎనర్జీ అన్నాడు. ఆ ప్రశ్న మా సాధనలో లేదు, అది నా లోపం.

“మరి పదికి ఎంత అంటే ఏం చెప్పావు?” అని తిరిగి మెసేజ్ పెట్టాను. మన మెట్ల ప్రకారం ఏడుండాలి.

“టూ అన్నాను మాస్టారూ. ఫోర్‌మన్ పక్కనే నిల్చున్నాడు మరి.”

ఇప్పటి బ్యాచ్‌కి ఇచ్చే కార్డులో మొదటి వాక్యం మార్చాను. బొమ్మకంటే పైన, అన్నిటికంటే ముందు, పెద్ద అక్షరాలతో: “కెన్ ఐ టాక్ టు యూ ఎలోన్?”